జీతాల పట్టీ వ్రాసే చేతికి న్యాయమైన ప్రతిఫలము

(సభ్యుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



వేతనమును గురించి మాట్లాడినపుడెల్లా మనము ఇచ్చే యజమానిని గురించి, పుచ్చుకునే శ్రామికుని గురించి మాత్రమే మాట్లాడుతూ ఉంటాము. ఆ ఇద్దరి నడుమ కూర్చుని లెక్క కట్టే మూడవ మనిషి ఒకరు ఉన్నారు. హాజరును కూడి, ఓవర్‌టైమును లెక్కించి, ప్రావిడెంటు ఫండు, ఈ.ఎస్.ఐ. చందాలను మినహాయించి, నికర వేతనమును తేల్చేది ఆ చేయియే. రైల్వేలలోను, తపాలా శాఖలోను ఈ పనిని బిల్లుల గుమాస్తాలు, అకౌంట్సు సిబ్బంది చేస్తారు. వారికి నెల జీతము, సెలవు, పింఛను, వెనుక యూనియను అన్నీ ఉన్నాయి. కాని దేశమంతటా ఉన్న చిన్న మిల్లులు, ప్రైవేటు పాఠశాలలు, ఆసుపత్రులు, కాంట్రాక్టరుల సంస్థలలో ఈ పనిని చేసేవారిలో చాలామంది ఏ సంస్థకును ఉద్యోగులు కారు. నాలుగు చోట్ల నుండి పని తెచ్చుకుని, ఇంటివద్ద కూర్చుని, సొంత కంప్యూటరుపై పట్టీలు తయారు చేసే స్వతంత్ర లెక్కల పనివారు వారు.

వారిని గురించి మనకేల అని ఎవరైనా అడుగవచ్చును. అందుకు మూడు కారణాలు చెబుతాము. మొదటిది, మన శాఖల నుండి పదవీ విరమణ చేసిన అకౌంట్సు సిబ్బందిలో కొందరు ఈ పనిలో ప్రవేశిస్తున్నారు; మన ఇండ్లలోని కామర్సు చదివిన బిడ్డలు కూడ ప్రవేశిస్తున్నారు. రెండవది, మన స్టేషన్లను శుభ్రపరిచే, మన కార్యాలయాలకు కాపలా కాసే కాంట్రాక్టు శ్రామికుల జీతపు పట్టీలు తరచు ఇట్టి వారి చేతుల మీదుగానే వెళుతున్నాయి. మూడవది, మన సహకార పరపతి సంఘాలు, క్యాంటీన్లు, యూనియను కార్యాలయాలు సైతము కొద్దిమంది సిబ్బందిని నియమించుకుని ఈ పనిని బయటివారికి అప్పగిస్తున్నాయి. అనగా మనము ఈ పనిని చేసేవారము, చేయించుకునేవారము, దాని ఫలితమును అనుభవించేవారము కూడ అయి ఉన్నాము.

ముందుగా ఒక హెచ్చరిక. సర్వీసులో ఉన్న ఉద్యోగి ఎవ్వరును ఈ పనికి పూనుకొనరాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి, 1964లోని 15వ నియమము, రైల్వే ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి, 1966లోని 15వ నియమము ముందస్తు అనుమతి లేనిదే ప్రైవేటు వ్యాపారమును గాని, వేరొక ఉద్యోగమును గాని నిషేధిస్తున్నాయి. విరమణ తరువాత గ్రూపు ‘ఏ’ అధికారులకు మాత్రము ఒక సంవత్సరము వరకు వాణిజ్య సంబంధమైన ఉద్యోగమునకు అనుమతి కావలెను. మిగిలినవారికి ఆ నిర్బంధము లేదు. ఖాతాలు వ్రాయుటకు, జీతాల పట్టీలు తయారు చేయుటకు చార్టర్డు అకౌంటెంటు పట్టా అవసరము లేదు. చట్టబద్ధమైన ఆడిట్ పై సంతకము చేయుట మాత్రమే ఆ వృత్తివారికి ప్రత్యేకింపబడినది. ఈ రెండింటి మధ్య ఉన్న గీతను మనవారు ఎన్నడును దాటరాదు.

ఇక పని స్వరూపమును చూతము. జీతాల పట్టీ అనగా కూడికలు, తీసివేతలే కదా అని యజమాని అనుకుంటాడు. ప్రతిఫలము తక్కువగా ఉండుటకు మూలము ఈ అభిప్రాయమే. వాస్తవమునకు అది తేదీలతో పరుగెత్తే పని. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడ్, 2019 ప్రకారము నెల జీతమును తరువాతి నెల 7వ తేదీలోగా చెల్లించవలెను. ఉద్యోగి రాజీనామా చేసినను, తొలగింపబడినను, రెండు పనిదినాలలో అతని లెక్క తేల్చవలెను. ఓవర్‌టైమునకు మామూలు రేటునకు రెట్టింపునకు తగ్గకుండ ఇవ్వవలెను. మినహాయింపులన్నియు కలిపి వేతనములో సగమును మించరాదు. జీతములో నుండి కోసిన ఆదాయపు పన్నును 7వ తేదీలోగా జమ చేయవలెను. మార్చి నెలకు మాత్రము ఏప్రిల్ 30 వరకు గడువు కలదు. ప్రావిడెంటు ఫండు, ఈ.ఎస్.ఐ. చందాలకు 15వ తేదీ గడువు. తెలుగు రాష్ట్రాలలో దీనికి వృత్తి పన్ను తోడవుతుంది: 15,000 రూపాయలు దాటి 20,000 వరకు నెలకు 150, ఆపైన 200.

వేతనము అనే మాటకు కూడ కోడ్ కొత్త నిర్వచనము ఇచ్చినది. మూలవేతనము, కరువు భత్యము, రిటైనింగు భత్యము వేతనమవుతాయి. వేతనము నుండి మినహాయింపబడిన ఇతర భత్యాలు మొత్తము చెల్లింపులో సగమును మించినచో, మించిన భాగమును వేతనములో కలుపవలెను. ఒక యజమాని 15,000 రూపాయలలో 6,000 మాత్రమే మూలవేతనముగా చూపి, 9,000 భత్యాలుగా చూపినాడనుకుందాము. సగము 7,500 గనుక, మించిన 1,500 వేతనములో చేరి అది 7,500 అవుతుంది. ఈ ఒక్క సూత్రమును తెలియక పట్టీ వ్రాసినచో శ్రామికుని భవిష్యత్తులో ప్రతి నెల కొంత కోత పడుతుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాము. 20 మంది పనిచేసే సంస్థలో ఒక్కొక్కరికి 15,000 రూపాయల వేతనము అనుకుందాము. నెల వేతనాల మొత్తము 3,00,000. ప్రావిడెంటు ఫండునకు శ్రామికుల వాటా 12 శాతము, అనగా 36,000. యజమాని వాటా కూడ 36,000. యజమాని వాటాలో 8.33 శాతము పింఛను పథకమునకు వెళుతుంది. ఇన్సూరెన్సునకు అర శాతము, పరిపాలనా ఖర్చులకు అర శాతము, కలిపి 3,000. ఈ.ఎస్.ఐ.కి 2019 జూలై నుండి శ్రామికుని వాటా 0.75 శాతము, యజమాని వాటా 3.25 శాతము; రెండును కలిపి 12,000. వెరసి ప్రతి నెల 15వ తేదీలోగా 87,000 రూపాయలు జమ కావలెను. అందులో 38,250 రూపాయలు శ్రామికుల జీతాలలో నుండి కోసినవి, అనగా వారి సొంత సొమ్ము.

ఈ సొమ్ము ఎంతటి పవిత్రమైనదో చట్టమే చెప్పినది. జీతములో నుండి కోసిన ప్రావిడెంటు ఫండు చందాను జమ చేయని యజమాని నమ్మకద్రోహ నేరమునకు పాల్పడినట్లు భావింపబడునని 1973లో శిక్షాస్మృతిలో వివరణ చేర్చబడినది; 1975లో ఈ.ఎస్.ఐ. చందాకు అదే వర్తింపజేయబడినది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోను ఈ సూత్రము కొనసాగుతున్నది.

లెక్కలో ఒక్క అంకె తప్పినచో ఏమవుతుందో ఆలోచించండి. ఈ.ఎస్.ఐ.లో అనారోగ్య భత్యము పొందుటకు ఆరు నెలల చందా కాలములో కనీసము 78 రోజులకు చందా చెల్లించి ఉండవలెను. 80 రోజులు పనిచేసిన శ్రామికురాలికి పట్టీలో 75 రోజులని వ్రాసినచో, తరువాత ఆమె జబ్బుపడిననాడు వేతనములో 70 శాతము చొప్పున రావలసిన భత్యము రాదు. పింఛను పథకములో పదేండ్ల సర్వీసు పూర్తి కావలెను. చేరిన తేదీ గాని, విడిచిన తేదీ గాని తప్పుగా నమోదైనచో ఆ పదేండ్ల లెక్క చెదిరిపోతుంది. ఆధార్‌లో ఒక పేరు, ఫండు ఖాతాలో వేరొక పేరు ఉన్నచో, సొమ్ము ఉండియు చేతికి రాదు. అయిదు రోజుల తప్పునకు ఒక కుటుంబము నెలల తరబడి తిరుగవలసి వస్తుంది.

ఇంతటి బాధ్యత గల పనికి ప్రతిఫలము ఎట్లు నిర్ణయింపవలెను? బజారులో జరుగుతున్న తీరు ఇది: ఒకరు 2,000 అడిగితే, పక్కవారు 1,500కు చేస్తామంటారు, మూడవవారు 1,000కి దిగుతారు. కూలీల అడ్డాలో మనము చూచే పోటీయే ఇక్కడ చదువుకున్నవారి నడుమ సాగుతున్నది. 1,000 రూపాయలకు ఒప్పుకున్నవారు తమ పొట్ట నిండుటకు నలభై సంస్థల పని తలకెత్తుకుంటారు. నలభై సంస్థలకును గడువు 7వ తేదీయే, 15వ తేదీయే. అపుడు హాజరును సరిచూచే తీరిక ఎవరికి ఉంటుంది? పోయిన నెల పట్టీనే తేదీ మార్చి పంపుతారు. తక్కువ రేటు యొక్క నష్టమును చివరకు మోసేది శ్రామికుడు.

కనుక బేరముతో గాక లెక్కతో ప్రారంభింపవలెను. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. ఎవరి ఊరి ఖర్చులను బట్టి వారు మార్చుకొనవలెను. పనివారికి నెలకు 30,000 ఆదాయము కావలెననుకుందాము. కంప్యూటరు అరుగుదల, సాఫ్టువేరు, విద్యుత్తు, ఇంటర్నెట్టు, ప్రయాణాలు, ఆరోగ్య బీమా కలిపి 8,000. మొత్తము 38,000. నెలకు 25 రోజులు, రోజుకు 6 గంటలు పనిచేసినచో 150 గంటలు. వాటిలో మూడవ వంతు ఫోను మాటలకు, తిరుగుటకు, మారే నిబంధనలు చదువుటకు పోతుంది. సొమ్ము తెచ్చే గంటలు 100 మాత్రమే. కాబట్టి గంట వెల 380 రూపాయలు. 150 గంటలతో భాగించినవారు తమను తాము మోసగించుకుంటారు.

తరువాత ఒక్కొక్క సంస్థకు ఎన్ని గంటలు పడుతున్నవో మూడు నెలలపాటు పుస్తకములో వ్రాసుకొనవలెను. ఫైలు తెరచుట, చలానాలు సిద్ధము చేయుట, యజమాని ఆమోదము తీసుకొనుట మొదలగునవి 20 మందికైనను, 60 మందికైనను ఒకటే. వీటికి 3 గంటలు అనుకుందాము. హాజరు, ఓవర్‌టైము, సెలవులు, పే స్లిప్పు మనిషి మనిషికి వేరు. తలకు 12 నిమిషాలు అనుకుందాము. 3 గంటల వెల 1,140. 12 నిమిషాల వెల 76. అపుడు 20 మంది ఉన్న సంస్థకు 2,660, 60 మంది ఉన్న సంస్థకు 5,700 రూపాయలు. తలకు చూచినచో మొదటిదానికి 133, రెండవదానికి 95. పెద్ద సంస్థకు తలసరి రేటు తగ్గుట ఈ లెక్కలో నుండి సహజముగా వచ్చినదే గాని, ఎవరికో చేసిన దయ కాదు. అదే విధముగా 20 మంది సంస్థ యజమాని “అక్కడ 95కి చేస్తున్నారు గదా” అన్నపుడు జవాబు చెప్పుటకు ఈ విభజన ఉపకరిస్తుంది.

గంటల చొప్పున బిల్లు వేయుట కంటె, ఇట్లు గంటలను ఆధారముగా చేసుకుని నెలకు స్థిరమైన మొత్తమును, తలకు ఇంత అనే రేటును చెప్పుట మేలు. యజమానికి ఖర్చు ముందే తెలుస్తుంది. పనివారు వేగము పెంచుకున్నచో ఆ లాభము వారికే దక్కుతుంది.

నెలవారీ ప్రతిఫలములో ఏవి చేరవో కూడ ముందే వ్రాసుకొనవలెను. కొత్త సంస్థను చేపట్టినపుడు పాత రికార్డులు సరిచేయుటకు ఒకసారి రుసుము, వెళ్ళిపోయినవారి తుది లెక్కకు వేరు, వెనుకటి తేదీ నుండి జీతాలు పెరిగినపుడు బకాయీల పట్టీకి వేరు, కనీసము 8.33 శాతముతో మొదలయ్యే వార్షిక బోనసు లెక్కకు వేరు. సంవత్సరాంతములో ఆదాయపు పన్ను ధ్రువపత్రాలకు వేరు. మన వేతన సంఘాల బకాయీలు లెక్కించిన బిల్లుల గుమాస్తాలకు, బకాయీల పట్టీ మామూలు పట్టీ వంటిది కాదని ఎవరును చెప్పనక్కరలేదు.

“ఇంత ఇచ్చుకోలేము” అనే యజమానికి రెండు అంకెలు చూపించవచ్చును. 3,00,000 రూపాయల వేతనాల మీద 2,660 అనగా నూటికి రూపాయి కూడ కాదు. ఇక ప్రావిడెంటు ఫండు బాకీ 75,000 ఒక నెల ఆలస్యమైనదనుకుందాము. సంవత్సరానికి 12 శాతము వడ్డీ చొప్పున 750. 2024 జూన్‌లో నెలకు 1 శాతముగా సవరింపబడిన నష్టపరిహారము మరి 750. ఒక్క ఆలస్యమునకు 1,500 రూపాయలు, అనగా పట్టీ వ్రాసినవారి నెల ప్రతిఫలములో సగమునకు పైగా, వృథాగా పోతుంది.

ప్రతిఫలము కుదిరిన తరువాత పని నడిపే క్రమము ఒకటి ఉన్నది. దీనిని అయిదు నియమాలుగా చెప్పుకుందాము.

మొదటిది, వ్రాతపూర్వకమైన ఒప్పందము ఉండవలెను. హాజరు వివరాలు 1వ తేదీకి అందవలెను. ముసాయిదా పట్టీ 3వ తేదీకి యజమానికి చేరవలెను. 5వ తేదీలోగా ఆయన ఆమోదము లిఖితముగా రావలెను. హాజరు ఆలస్యముగా పంపి, గడువు తప్పిన దోషమును లెక్క వ్రాసినవారిపై నెట్టుట పరిపాటి. తేదీలు కాగితముపై ఉన్నచో ఆ వాదము నిలువదు.

రెండవది, శ్రామికుల సొమ్ము మన ఖాతాలోకి ఒక్క రూపాయి కూడ రాకూడదు. జీతాలు, చందాలు, పన్ను యజమాని బ్యాంకు ఖాతా నుండి నేరుగా చేరవలసిన చోటికి చేరవలెను. మనము చలానా తయారు చేస్తాము, చెల్లించేది ఆయన. డిజిటల్ సంతకము, పాస్‌వర్డు యజమాని పేరిటనే ఉండవలెను.

మూడవది, పట్టీని చెల్లింపునకు పంపేముందు పోయిన నెల పట్టీతో పోల్చవలెను. తలల సంఖ్య ఎందుకు మారినది, ఏ ఒక్కరి నికర వేతనమైనను అకారణముగా పెరిగినదా, తగ్గినదా అని చూడవలెను. సాయంకాలము నగదును బ్రాంచి ఆఫీసు లెక్కతో సరిచూచుకునే తపాలా ఉద్యోగికి ఈ అలవాటు కొత్త కాదు.

నాలుగవది, గోప్యత. జీతము, బ్యాంకు ఖాతా, ఆధార్ వివరాలు మన వద్ద ఉంటాయి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు ప్రత్యేక చట్టమే చేసినది. ఒకరి పట్టీ వేరొకరికి పొరపాటున కూడ వెళ్ళరాదు. కాని ఎవరి పే స్లిప్పు వారికి చేరుట గోప్యతకు భంగము కాదు. అది శ్రామికుని హక్కు.

అయిదవది, అన్నిటికంటె ముఖ్యమైనది: దొంగ పట్టీ వ్రాయరాదు. రెండు రిజిస్టర్లు పెట్టుట, ఇరవై మందిని పందొమ్మిదిగా చూపి ప్రావిడెంటు ఫండు చట్టము నుండి తప్పించుకొనుట, కనీస వేతనము బ్యాంకులో జమ చేసినట్లు చూపి మరునాడు నగదుగా వెనుకకు వసూలు చేయుట – ఇవన్నియు లెక్క వ్రాసే చేయి సహకరింపనిదే సాగవు. పని పోయినను సరే, కాదనవలెను. అట్లు కాదనగల ధైర్యము ఎవరికి ఉంటుంది? ఒక్క యజమాని వెళ్ళినను పొయ్యి వెలుగుతుందనే నమ్మకము ఉన్నవారికి. ఆ నమ్మకమునకు పునాది న్యాయమైన ప్రతిఫలమే. కాబట్టి రేటు గురించిన చర్చ డబ్బు చర్చ మాత్రమే కాదని, నిజాయితీకి ఆధారమైన చర్చ అని మనము గ్రహింపవలెను.

ఒంటరిగా ఈ రేటును నిలబెట్టుకొనుట కష్టము. “మాకు ఒక యజమాని లేడు, మాకేమి సంఘము” అని స్వతంత్ర పనివారు అంటూ ఉంటారు. 1972లో అహ్మదాబాదులో స్వయం ఉపాధి మహిళల సంఘము, అనగా ‘సేవా’, రిజిస్ట్రేషను కోరినపుడు అధికారులు వేసిన ప్రశ్న కూడ ఇదే: యజమాని లేనివారికి యూనియను ఎట్లు? ఎవరికి వ్యతిరేకముగా అని గాక, ఎవరి ఐక్యత కొరకు అని చూడవలెనని ఆ సోదరీమణులు వాదించి, ఆ సంవత్సరమే కార్మిక సంఘముగా నమోదు చేయించుకున్నారు. జీతాల పట్టీలు వ్రాసేవారు కూడ ఊరి ఊరికి కలిసి కూర్చుని, గంటల లెక్కలు పంచుకుని, ఇంతకు తక్కువకు పోము అని అనుకొనుటకు ఆ ఉదాహరణ చాలును. ఒకరు జబ్బుపడిననాడు వేరొకరు ఆ నెల పట్టీ పూర్తిచేసే ఏర్పాటు కూడ అప్పుడే సాధ్యము. లెక్క వ్రాసేవారికి జ్వరము వచ్చినదని శ్రామికుల జీతము ఆగరాదు గదా!

ఇక మన శాఖలు చేయవలసిన పనులు. మన సహకార సంఘాలు, క్యాంటీన్లు ఈ పనిని అప్పగించేటపుడు అతి తక్కువ కొటేషనును వెదకరాదు. పైన చెప్పిన లెక్క అడిగి, న్యాయమైనది చెల్లించవలెను. మన ఆవరణలో పనిచేసే కాంట్రాక్టు శ్రామికులను ప్రతి నెల రెండు ప్రశ్నలు అడగవలెను: పే స్లిప్పు చేతికి వచ్చినదా? ఫండు పాస్‌బుక్కులో ఆ నెల చందా కనబడుతున్నదా? రాలేదన్నచో, కాంట్రాక్టరు చెల్లింపనిది ప్రధాన యజమాని చెల్లించవలెనను సూత్రము 1970 నాటి కాంట్రాక్టు లేబరు చట్టము నుండి మన చట్టాలలో ఉన్నదని గుర్తుచేసి, లిఖితపూర్వకముగా ఫిర్యాదు చేయించవలెను. వేతనము చెల్లించినట్లు రుజువు చేయవలసిన భారము యజమానిపైననే ఉన్నది. క్లెయిము వేయుటకు మూడేండ్ల వ్యవధి కలదు.

పదవీ విరమణ చేసిన మన అకౌంట్సు సోదరులు, సోదరీమణులు ప్రతి శాఖా కార్యాలయములో నెలకు ఒక పూట కూర్చుని, ఆ స్లిప్పులను చదివి చెప్పగలిగినచో, ఎన్నో కుటుంబాలకు మేలు జరుగుతుంది. ముప్పది ఏండ్లు పే బిల్లులు వ్రాసిన అనుభవము ఇనుప పెట్టెలో దాచవలసిన వస్తువు కాదు. వచ్చే నెల 16వ తేదీన, అనగా చందాల గడువు ముగిసిన మరునాడు, ఈ పనిని మన మన శాఖలలో ప్రారంభింపవలసినదిగా కోరుతున్నాము.